తీగలు తుడిచే గదిలో

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక స్టూడియో, కింద పాస్‌పోర్టు ఫొటోల సందడి. పని జరిగేదంతా మేడ మీద. క్యాలెండర్లు వేసేవాళ్లు, రిసార్టులవాళ్లు, పెళ్లి ఆల్బమ్‌లో జంట వెనక పచ్చటి దృశ్యం కావాలనేవాళ్లు అక్కడికి వచ్చి ముందు చెప్పే మాట ఒకటే, ‘ఆ తీగలు తీసేయండి’ అని. కృష్ణా డెల్టాలో కెమెరా ఎటు తిప్పినా ఏదో ఒకటి అడ్డం వస్తుంది. బందరు కాలువ గట్టున కొబ్బరిచెట్లు తీస్తే మధ్యలో కరెంటు స్తంభం, ఉండవల్లి అరటితోటలు తీస్తే సెల్ టవరు, ఏ ఊరి మొదట్లోనైనా పుట్టినరోజు ఫ్లెక్సీ.

నేను వెళ్లేసరికి అక్కడ పనిచేసే కుర్రాడు ప్రకాశం బ్యారేజీ ఫొటో ముందేసుకుని కూర్చున్నాడు. సీతానగరం ఒడ్డు నుంచి పొద్దున్నే తీసింది. అవతల ఇంద్రకీలాద్రి, నీళ్లలో దాని నీడ, పైన ఆకాశాన్ని కోసుకుంటూ తీగలు. తీగ ఈ కొసన నొక్కి, షిఫ్ట్ పట్టుకుని ఆ కొసన నొక్కాడు. హీలింగ్ బ్రష్ దాన్ని మింగేసింది.

“ఆకాశంలో తీగంటే పనే కాదండీ. అదే కొబ్బరాకుల మీదుగా పోయిందా, ఆ పూట భోజనం లేనట్టే” అన్నాడు. ఆకు తెగినచోటల్లా క్లోన్ స్టాంపుతో పక్క ఆకు తెచ్చి అతకాలి. ఒకే ఆకు రెండుచోట్ల కనపడితే చూసేవాళ్ల కన్ను ఇట్టే పట్టేస్తుంది. స్తంభాన్ని తీసేసి, కాలువ నీళ్లలో దాని నీడను వదిలేయడం కొత్తగా చేరినవాళ్ల అలవాటట. 2010లో ఫొటోషాప్ సీఎస్5తో వచ్చిన కంటెంట్ అవేర్ ఫిల్ సగం శ్రమ తగ్గించింది. 2023లో వచ్చిన జెనరేటివ్ ఫిల్ మీద మాత్రం అతనికి నమ్మకం తక్కువ. స్తంభం తీయమంటే తీసి, ఆ ఖాళీలో ఎవరూ అడగని గుడిసె ఒకటి వేసిపెట్టిందట!

ఓనరుగారు ఫిల్మ్ కాలం మనిషి. కుర్రాడు ఆయన్ని బాబాయ్ అంటాడు. “మాకు పెన్సిలే ఆయుధం సార్” అంటూ పాత రీటచింగ్ డెస్కు చూపించారు. వెనక లైటు, ముందు పాలగాజు. నెగెటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది. ఆకాశం నల్లగా, స్తంభం తెల్లగా. ఫిల్మ్ మీద మందు పూసి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో ఆ తెల్లటి గీతను చుట్టుపక్కల నలుపుతో కలిసేదాకా నింపితే ప్రింటులో స్తంభం మాయం. తెల్లటి బోర్డుతోనే తంటా. నెగెటివ్‌లో అది నల్లటి మచ్చ, కత్తి మొనతో గీకాలి. చెయ్యి వణికితే ఫిల్మ్ పాడైనట్టే, అన్‌డూ లేదు. ఈ విద్య మన కంప్యూటర్లకన్నా చాలా పాతది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1850లలోనే సముద్రానికి ఒక నెగెటివ్, మబ్బులకు ఇంకో నెగెటివ్ వాడి ఒకే ప్రింటు తీశాడు.

అసలు ఈ పనిలో సగం ఫొటో తీసేచోటే తప్పించుకోవచ్చంటారాయన. రెండడుగులు పక్కకు జరిగితే స్తంభం చెట్టు వెనక్కి పోతుంది. బ్యారేజీ మీద నడిచే జనం వద్దనుకుంటే ట్రైపాడ్ కదపకుండా కాసేపు ఆగి ఆగి చాలా ఫ్రేములు తీయాలి. వాటిని మీడియన్ పద్ధతిలో కలిపితే కదిలినవాళ్లు పోతారు, కదలని వంతెన మిగులుతుంది.

ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు అన్న దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. ఇబ్రహీంపట్నం దగ్గర తీసిన కృష్ణానది ఫొటోలో థర్మల్ కేంద్రం గొట్టాలు తుడిచేశారు. అవి పోయాక అది ఏ ఏరైనా కావచ్చు, ఇబ్రహీంపట్నం మాత్రం కాదు. “గోడకు పెట్టుకునే బొమ్మ సార్, పోనీండి” అన్నారాయన. గోడ వరకైతే నేనూ ఒప్పుకుంటాను. పోటీలకు పంపేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అంతర్జాతీయ ఫొటోగ్రఫీ సమాఖ్య ఫియాప్ నియమాల ప్రకారం ప్రకృతి విభాగంలో అంచులు కత్తిరించడం తప్ప బొమ్మలోంచి ఏదీ తీసేయకూడదు. నిలువు అట్టకు సరిపడాలని 1982 ఫిబ్రవరి సంచికలో గిజా పిరమిడ్లను దగ్గరికి జరిపిన నేషనల్ జియోగ్రాఫిక్ ఎంత అప్రతిష్ఠ మూటగట్టుకుందో తెలిసిందే.

2024 సెప్టెంబరు వరదలో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు బ్యారేజీ దాటింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లకు తగులుకుని కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. అప్పటి ఫొటో తెచ్చి పడవలు లేకుండా కావాలన్నారట ఒకరు. కుర్రాడు చేసిచ్చాడు. అసలు ఫైలును మాత్రం తేదీ వేసి వేరే డిస్కులో దాచాడు. ఆ ఒక్క జాగ్రత్తకే అతని మీద నాకు గౌరవం కలిగింది.

ఓనరుగారు వెనక్కి పంపిన పని ఒకటుంది. ఒక లేఅవుట్ బ్రోచరుకు డ్రోన్ ఫొటో, ప్లాట్ల మీదుగా హైటెన్షన్ లైను. అది తీసేయమన్నారు. నిర్ణీత దూరం వదలందే ఆ లైన్ల పక్కన ఇల్లు కట్టనివ్వరు. “మేం తుడిస్తే కాగితం మీద పోతుంది, కొన్నవాడి నెత్తి మీద ఉంటుంది” అన్నారాయన. అలాంటి పని రీటచింగ్ కాదు, మోసం. కాదనేవాళ్లు ఒకరుంటే చేసిపెట్టేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. కాబట్టి డెల్టాలో స్థలం కొనబోయేవాళ్లు బ్రోచరు ఇంట్లో పెట్టి, స్థలంలో నిలబడి ఒకసారి తలెత్తి చూసుకోండి.