పిడికెడు బియ్యము

మా పుట్టినిల్లు సూర్యాపేట. మా అమ్మ ఎసట బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరొక కుండలో వేసెడిది. ఆదివారమునాడు ఆ బియ్యము గుడికి చేరెడిది. "ఈ పిడికెడుతో ఏమగునమ్మా?" యని మేము నవ్వినపుడు, "ఊరూర తిరుగు ఉపదేశి కడుపు దేనితో నిండుననుకొంటివే?" అనెడిది.

కాపురమునకు మిర్యాలగూడ వచ్చితిమి. సాగరు ఎడమకాలువ పుణ్యమా యని ఊరినిండ బియ్యపు మిల్లులే. మేమును అమ్మవలెనే కుండ పెట్టితిమి. పెట్టితిమి గనుక సువార్త విషయమున మా వంతు తీరినదనుకొంటిమి.

ప్రక్కయింటి యామె పురిటిబిడ్డను పోగొట్టుకొని నెలదినములు గుమ్మము దాటలేదు. ఒకనాడు గోడమీదుగా, "వదినా, మీరు ప్రార్థన చేసికొందురు గదా, ఒక్కమారు వచ్చి నా దగ్గర కూర్చుందురా?" అని యడిగెను. "ఆదివారము పాదిరిగారితో చెప్పెదములే" అంటిమి. ఆమె మరి మాటాడలేదు.

కోదాడనుండి వచ్చిన మా చెల్లెలు ఈ సంగతి విని, "అక్కా, ఆమె పిలిచినది పాదిరిగారినా, నిన్నా?" అనెను. ఆ రాత్రి మాకు నిదుర పట్టలేదు.

తెలియని సంగతి కాదు. 1912లో దోర్నకలు బిషప్పయి, ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడైన అజరయ్యగారు, పల్లెలలో బాప్తిస్మము పొందిన వారిచే తలపై చేయి వేయించి, సువార్త చెప్పుట తమ విధియని పలికించెడివారు. అక్షరము రాని కూలివారును, వారి ఇల్లాండ్రును అట్లే పలికెడివారు. ఫ్రాన్సుదేశమున పోలీన్ జారికో యను యువతి, సన్యాసిని కాకయే, పదేసి మందిని కూర్చి వారమునకొక చిన్న నాణెము చొప్పున ప్రోగుచేయించెను. అందుండియే 1822లో లియోను నగరమున విశ్వాసవ్యాప్తి సంఘము వెలసెను. 1965లో రెండవ వాటికను మహాసభ గృహస్థుల ప్రేషితకార్యమును గూర్చి ప్రత్యేకముగా ఒక శాసనమునే వెలువరించెను. ఇన్ని యెరిగియు మాకు తగిలినది చెల్లెలి మాటయే.

ఒక్కటి చెప్పవలెను. దుఃఖములో నున్నవారికి మతము అంటగట్టుట మాకు ఎన్నడును సమ్మతము కాదు. ఆమె అడిగినది తోడు.

మరునాడు వెళ్ళితిమి. ఏమి చెప్పవలయునో తోచలేదు. ఆ యింట వంట కాలేదని చూచి, మా కుండలోని బియ్యము తెచ్చి గంజి కాచితిమి. ఆమె త్రాగి, "ఇంక ప్రార్థన చేయండి వదినా" అనెను. మాకు నోట మాట పెకలలేదు. ఆమెయే మా చేయి పట్టుకొనెను.

ఆ వారము కుండలో బియ్యము తగ్గెను. పాదిరిగారు అడుగలేదు, మేమును చెప్పలేదు.