తరుగు

మా నాన్న గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్ళు కాటా వేశాడు. టిక్కీ, అంటే మిర్చి బస్తా మీద చెయ్యేసి నలభై రెండనో, నలభై మూడున్నరనో అనేవాడు. కాటా ఎక్కిస్తే మహా అయితే అరకిలో తేడా. నీళ్ళు కొట్టిన సరుకైతే కాయ నలిపి చూసి పక్కన పెట్టించేవాడు.

పొట్టలో కేన్సర్ అని తేలేసరికి ఆరు నెలల్లో 64 నుంచి 58 కిలోలకి దిగాడు. ఆరు నెలల్లో అయిదు శాతానికి మించి తగ్గితే కెకెక్సియా అంటారని డాక్టరమ్మ చెప్పింది.

"అయిదు శాతమంటే మూడు కిలోల రెండొందలు. మనం దాదాపు రెట్టింపు తగ్గాం," అని లెక్క కట్టి, "వచ్చే నెల తరుగెంత ఉంటుందమ్మా?" అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. రిపోర్టులో ఆల్బుమిన్ మూడున్నరకి దిగువన, సీఆర్‌పీ పదికి ఎగువన ఉన్నాయి. రెండూ అలా కలిశాయంటే మంచి సూచన కాదనీ, ఇంకా తగ్గేట్టే ఉన్నారనీ, ఫలానా తేదీకి ఇన్ని కిలోలని మాత్రం ఎవరూ చెప్పలేరనీ అంది. నాన్నకది నచ్చలేదు. ఆ రోజు నుంచి కేలండర్లో ప్రతి ఒకటో తారీకు గడిలో తన అంచనా ముందే రాసిపెట్టేవాడు.

అమ్మ రాగిజావతో వెంటపడేది. "రెండు గుక్కలైనా తాగండీ!" రోగం రేపిన మంటకి ఒళ్ళు తన కండని తానే కరిగించుకుంటుంది, తిండి పెట్టినంత మాత్రాన ఆగదు, బలవంతం చెయ్యొద్దు అని చెప్పారు. అమ్మ ఒప్పుకోలేదు. నిజానికి నేనూ ఒప్పుకోలేదు.

మూడో నెల మిషను 59 చూపించింది. చీటీలో 'బరువు పెరిగింది' అని రాసిచ్చారు. అమ్మ దేవుడికి దణ్ణం పెట్టుకుంది. నాన్న పిక్క మీద వేలితో నొక్కాడు. గుంట పడి అలాగే ఉండిపోయింది. బిగిసిన పొట్ట తట్టుకుని, "ఇది సరుకు కాదే, తేమ. నీళ్ళు కొట్టిన టిక్కీ," అన్నాడు. నాలుగు లీటర్లు తీశారు. మర్నాడు యాభై నాలుగున్నర. కేలండర్లో 55 అని ఉంది.

తరవాతి ఒకటో తారీకుకి మిషను మీద నిలబడలేకపోయాడు. గడిలో 48 అని వంకర అంకెలు. దుప్పటి మార్చడానికి రెండు చేతులమీదా ఎత్తుకున్నాను. జన్మలో టిక్కీ ఎత్తినవాణ్ణి కాదు.

"ఎంత?" అన్నాడు.

"యాభై రెండు ఉంటావు నాన్నా."

"నీ కాటా తప్పురా," అన్నాడు, కళ్ళు మూసుకునే.