ఆయుధపూజయు తుప్పును

దసరా పండుగలలో మనవారు ఆయుధపూజ చేయుదురు. రైతు నాగలికిని, దర్జీ కుట్టుమిషనుకును, వడ్రంగి బాడిసకును పసుపుకుంకుమలు పెట్టి పూవులు చుట్టుదురు. మోటారుబండి యైనచో బంతిపూలదండ వేసి, గుమ్మడికాయ పగులగొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయ లుంచి త్రొక్కింతురు. ఆచారము ముచ్చటయైనదే. పనిముట్టు లేనిదే బ్రదుకు లేదని యొప్పుకొనుట అందలి భావము. కాని యేడాదిలో తక్కిన దినములయందు ఆ పనిముట్టును మన మెట్లు చూచుచున్నాము? దానిని పట్టి పనిచేయు చేతిని ఎట్లు చూచుచున్నాము? ఈ రెండు ప్రశ్నలును వేఱు కావని నా నమ్మకము. ఇది పుస్తకములు చదివి కుదిరిన నమ్మకము కాదు. మా యింటి యుమ్మడి కొట్టములో తుప్పుపట్టి పడియున్న పాతకారును బాగుచేయు పనిలో కుదిరినది.

మాది జహీరాబాదు చెంతనున్న ఝరాసంగము. కేతకీ సంగమేశ్వరస్వామి క్షేత్రముగా ఈ యూరు ప్రసిద్ధము. మహాశివరాత్రికి ఇక్కడ గొప్ప జాతర జరుగును. మా ప్రాంతపు నేల యెఱ్ఱనిది. బీదరునుండి జహీరాబాదు వఱకు పఱచుకొనియున్న మెట్టభూమిలో లాటరైటు అనెడి యెఱ్ఱరాయి విస్తారముగ గలదు. ఆ రాతికిని మన్నుకును ఎఱుపుదనము వచ్చుట వాని యందలి యినుము గాలితోడను నీటితోడను కలసి మాఱుటచేతనే. తుప్పనగా నదియే. మనుష్యుడు మన్నునుండి యినుమును తీసి, కొలిమిలో కాచి, రేకుగా సాగగొట్టి బండి చేసికొనును. చూచువాడు లేనిచో ఆ యినుము మఱల మన్నగుటకు త్రోవ వెదకును. అది దాని స్వభావము. దానిని నిందించి లాభము లేదు. అడ్డుపడవలసినది మనుష్యుని శ్రద్ధ యొక్కటియే.

మా కారు అంబాసిడరు, మార్కు రెండు రకము. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు కారు నమూనాను తెచ్చి, హిందూస్థాన్ మోటార్సు వారు వంగదేశమున ఉత్తరపాడా కర్మాగారమునందు ఈ బండ్లను చేయుట 1950 దశాబ్దము చివర మొదలైనది, 2014లో ఆగిపోయినది. మా తాతగారు 1972లో దీనిని కొనిరి. ఊరిలో నొప్పులు పడు స్త్రీలను జహీరాబాదు ఆసుపత్రికి చేర్చినదియు, పరీక్షలకు పిల్లలను మోసినదియు ఈ బండియే. తాతగారు పోయిన పిమ్మట ముగ్గురు కొడుకులు పొలములు పంచుకొనిరి. ఇంటికి అడ్డుగోడలు లేపిరి. కొట్టము మాత్రము మూడు వంతులవారికిని దారి గనుక ఉమ్మడిగా నుండిపోయెను. అందులోని కారును కోసి పంచుట కుదరదు గనుక అదియు ఉమ్మడిగానే నిలిచెను. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెత మన పెద్దలు ఊరక చెప్పలేదు.

కొట్టపు కప్పులో సరిగా కారు నెత్తిమీద ఒక రేకు చిల్లుపడెను. పెక్కు వానకాలములు ఆ చిల్లు గుండ నీరు కారుచునే యుండెను. ప్రతి దసరాకును మూడిండ్లవారును వచ్చి మూడు దండలు వేసిరి. మూడు కొబ్బరికాయలు కొట్టిరి. రేకు మార్చినవారు ఒక్కరును లేరు. అది తమ వంతు పని యని యెవరికిని తోచలేదు. దండ మాత్రము ఎవరి వంతు వారికి తోచెను. మన సమాజములో పూజకు హక్కుదారు లెందఱో. పనికి హక్కుదారులు లేరు.

తగవు కొట్టము చోటు గుఱించి వచ్చెను. చిన్నాయన కొడుకులకు అల్లపు బస్తాలు దించుటకు తావు కావలసి, కారును పాతయినుము వానికి తూచి యిత్తమనిరి. నాయన కొన్న బండిని తునకలు చేయనీయనని పెదనాయన పట్టుపట్టెను. అట్లని దానిని ముట్టను గూడ ముట్టడు. మాట పెరిగి, కొట్టమునకును అడ్డుగోడలు పెట్టుద మనువఱకు వచ్చెను. అదే జరిగినచో మూడిండ్ల పిల్లలు కలసి ఆడుకొను చోటు ఊరిలో మాకు మిగులదు. అప్పుడు పాలిటెక్నికులో చదివిన మా తమ్ముని కూతురు, “అమ్మితే అమ్మండి, చేస్తే చెయ్యండి, తడవనిచ్చి చూస్తూ కూర్చోవద్దు” అనెను. ఆ మాటలోని న్యాయమునకు ఎదురు చెప్పగలవారు లేకపోయిరి. ఆదివారము లన్నియు మూడిండ్లవారు కలసి పనిచేయుటకును, ఖర్చు మూడు పాళ్ళు చేసికొనుటకును, లెక్క ఒక పుస్తకములో వ్రాయుటకును ఏర్పాటు జరిగెను. మొదటి ఆదివారము చేసిన పని కారుపని కాదు, కప్పురేకు మార్చుట.

జహీరాబాదునుండి వృద్ధుడైన మిస్త్రీ నొకనిని పిలిపించితిమి. ఆయనను అందఱును ఉస్తాదు అందురు. ఆయన ఇంజను మూత తెఱవకముందే నేలపై పండుకొని, బండి అడుగుభాగమును స్క్రూడ్రైవరుతో పొడిచి చూడ మొదలిడెను. పైకి రంగు నిలిచియున్న చోటులందు సయితము మొన లోనికి దిగబడెను. “చూడు బిడ్డా, తుప్పు బయట చారాణ, లోపట బారాణ” అని పిల్లకు చూపెను. లారీకి వలె ఈ కారునకు వేఱుగా చట్రము లేదు. ఒంటిరేకే దాని యెముక. తలుపుల క్రింది పెట్టెవంటి దూలములు పుచ్చినచో బండి నడుమ విఱిగిన మనిషి వంటిది. పైన పుట్టీ పూసి రంగు కొట్టిన నెలలో మెఱయును. రెండు వానలకు బుడగలెత్తును. త్వరగా కావలెనన్న అట్లు చేయువారును గలరని చెప్పి, తాను చేయనని గూడ ఆయన స్పష్టముగ చెప్పెను.

ఆ దూలముల అడుగున కారు చేసినవారే సన్నని రంధ్రములు విడిచియుందురు. లోపలికి చేరిన నీరు ఆ దారిని వెలికి పోవలెను. మా కారునకు ఆ రంధ్రము లన్నియు మా యూరి యెఱ్ఱమట్టితో పూడి గట్టిపడియుండెను. చీపురుపుల్ల పట్టునంత దారి మూసికొనిపోవుటచేత దూలమంతయు లోలోపల కుళ్ళెను. ఈ సంగతి తెలిసిన పిమ్మట మోటారుబండిని కడుగు నప్పుడెల్ల మొదట ఆ రంధ్రములను చూడవలెనని నేను కనబడినవారి కెల్ల చెప్పుచున్నాను.

పని నిదానమైనది. పుచ్చిన రేకును మంచి రేకు తగులువఱకు కోసి, క్రొత్త ముక్కను అతికి, తీగెకుంచెతో రుద్ది, తుప్పు ఛాయ మిగిలిన చోట ఫాస్ఫారికామ్లము పూసి, ఆరిన పిదప రెడ్డాక్సైడు పట్టించవలెను. వెల్డింగునకు ముందు పెట్రోలు టాంకిని విప్పి కొట్టము బయటికి చేర్చవలెను. ఖాళీ టాంకిలోని ఆవిరి నిండు టాంకికంటె ప్రమాదకరము. జాకీని మాత్రమే నమ్మి యెవరును బండి క్రింద దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టిన తరువాతనే దూరవలెను. తలుపులు మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు; దాని పొగలో వాసన లేని విషవాయువు గలదు. ఈ నియమములను పిల్ల సుద్దతో తలుపుమీద వ్రాసెను. ఉమ్మడి చోట పనిచేయువారికి ఇట్టి వ్రాత శాసనమువంటిది. ఒకని అజాగ్రత్తకు మూడిండ్లు ఏడ్వవలసి వచ్చును.

ఇంజను బిగిసిపోయియుండెను. పిస్టన్లు సిలిండర్ల గోడలకు తుప్పుతో అంటుకొన్నవి. మా పిన్నవారు పెద్ద పానా వేసి త్రిప్పబోగా ఉస్తాదు వారించెను. ప్లగ్గులు విప్పి, ఆ కన్నములలో డీజిలును ఇంజనునూనెయు కలిపి పోయించి, వారము విడిచిపెట్టుమనెను. మఱుసటి వారమును కదలలేదు. మఱల పోసి మఱల ఆగితిమి. నాలుగవ ఆదివారము ముందు భాగమున హాండిలు పెట్టి మెల్లగా ఒత్తగా ఇంజను పావుచుట్టు కదలెను. ఆ పావుచుట్టునకు మా యింటిలో కలిగిన సంతోషము క్రొత్తబండి కొన్ననాడును కలుగదు. బలముచేత విఱుగునది ఓర్పుచేత వదలునని నీతిపద్యములలో చదివినవారమే. చేతితో నేర్చుట వేఱు.

ఇంతవఱకు వ్రాసినది ఇనుముపని. ఇంతకంటె కష్టమైన పని యింకొకటి ఆ కొట్టములోనే యుండెను. పనివారికి తేనీరిచ్చుటకు కొట్టపు గూటిలో వేఱుగా నొక గాజుగ్లాసు నుంచుట మా యింటి పాత వాడుక. ఉస్తాదునకును మొదట రెండు వారములు అందులోనే పోసిరి. ఆయన ఏమియు ననక త్రాగి, తానే కడిగి, గూటిలో పెట్టుచుండెను. మూడవ వారము పిల్ల అందఱికిని స్టీలుగ్లాసులలో ఒకే పళ్ళెరములో తేనీరు తెచ్చెను. పెదనాయన చూచి, “ఆయన గ్లాసు ఏది?” అని యడిగెను. “అందరి చేతులకు ఒక్కటే గ్రీసు ఉన్నది గద, పెద్దతాతా, ఏ చెయ్యి ఎవరిదో నాకు తెలుస్తలేదు” అని ఆమె బదులు చెప్పెను. పెదనాయన లేచి లోపలికి పోయెను. ఉస్తాదు చాలసేపు గ్లాసును నేలమీదనే యుంచి, చల్లారిన పిదప త్రాగెను. తరువాతి ఆదివారము గూటిలో గాజుగ్లాసు లేదు. ఎవరు తీసిరో ఎవరును చెప్పలేదు, మేమును అడుగలేదు.

శివపూజకు మొగలిపూవు తగదని తక్కిన చోటుల చెప్పుదురు. మా ఝరాసంగములో ఆ పూవే స్వామికి పేరైనది, పూజకును చెల్లుచున్నది. వెలివేసిన పూవును తలకెత్తుకొన్న దేవుని యూరివారమై యుండి, పనిచేయు మనిషికి గ్లాసు వేఱు చేయుట మాకు తగునా? బండికి బొట్టు పెట్టి, బండిని బ్రదికించువానిని గడప వెలుపల నిలుపుట యెట్టి ఆయుధపూజ? కొమ్మను గౌరవించి వేరును నఱకుట యది.

ఈ దోషము మా యింటిది మాత్రమే కాదు. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో నిజాముల రోల్స్‌రాయిసు కారు నొకదానిని నేడును చూడవచ్చును. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను దానిని చేయింప నాజ్ఞాపించి 1911లో గతించెను. దాని వద్ద నిలుచువారు రాజు పేరడుగుదురు. దానిని తోమినవాని పేరు అడుగరు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతోడను 166 మంది ఉద్యోగులతోడను ప్రభుత్వ బస్సులను ప్రారంభించిరి. బస్సొకటికి ఆర్గురు మనుష్యులు! చక్రము తిరుగుటకు వెనుక ఎన్ని చేతులు కావలెనో ఆ లెక్కయే చెప్పుచున్నది. మా జహీరాబాదులోనే మునుపు ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారయ్యెడివి. ఆ పిదప కర్మాగారము మహీంద్రావారి చేతికి వచ్చినది. ట్రాక్టర్లు చేయు కర్మాగారమును ఇక్కడ నున్నది. ఇంత యంత్రవిద్య మా వాకిట నుండగా, పట్టా పుచ్చుకొన్న పిల్లవాడు పానా పట్టుట చిన్నతన మనుకొనుట విచారకరము. ఆడుపిల్ల పట్టినచో నవ్వుట అంతకంటె విచారకరము. మా కారు కరెంటుతీగె లన్నియు ఆ పిల్లయే మార్చినది. దీపములు వెలిగిననాడు నవ్వినవారు లేరు.

పాతబండికి ఇంత డబ్బు వ్యర్థము గాదా యని యడుగువారు గలరు. న్యాయమైన ప్రశ్నయే. ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడక యున్న బండ్లను పురాతన వాహనములుగా నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వము 2021లో నియమములు చేసినది. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు; అది పదియేండ్లు చెల్లును. అట్టి బండిని ప్రదర్శనలకును యాత్రలకును నడుపవచ్చునే గాని నిత్యము రాకపోకలకు గాని వ్యాపారమునకు గాని వాడరాదు. కాబట్టి దీనిలో లాభము వెదకువారికి చోటు లేదు. పాతబండి యంతయు నిలుపవలె ననియు నేననను. కరగించి క్రొత్త యినుము చేయుటయు గౌరవమైన గతియే. ఏదో యొకటి తేల్చి చేయక, దండలు వేయుచు తడవనిచ్చుటయే తప్పు.

ఇప్పుడు మా కారునకు ఇంజను నడుచుచున్నది; రంగు ఇంకను వేయలేదు. కొట్టమునకు అడ్డుగోడ మాట మఱల రాలేదు. అల్లపు బస్తాలకు ఒక మూల చోటు దొరకినది. లెక్కపుస్తకములో మూడు చేతివ్రాతలును కనబడుచున్నవి.

చదువరులారా, ఒక్క యింటి కొట్టమే యిట్లుండగా ఊరుమ్మడి సొత్తుల గతి యేమి? చెరువు అందఱిదియే, తూములోని పూడిక యెవరిది? బడి అందఱిదియే, కారు కప్పు ఎవరిది? ఉత్సవమునకు చందా లిచ్చుటకు ముందుపడు మనము, ఆ రేకొకటి మార్చుటకు నిచ్చెన తెచ్చువాని కొఱకు ఎదురుచూచుచున్నాము. నిచ్చెన మనయింటనే యున్నది. ఎక్కినవానిని గౌరవించుట నేర్చినచో ఎక్కువారు తప్పక కలుగుదురు.