నేలపట్టు చెరువులో గూడబాతులు

నెల్లూరు నుండి చెన్నైకి వెళ్ళే రైలులో మనలో చాలామంది ప్రయాణం చేసే ఉంటాం. గూడూరు, నాయుడుపేట దాటిన తర్వాత దొరవారిసత్రం అనే చిన్న స్టేషను వస్తుంది. కిటికీలోంచి చూస్తుండగానే దాటిపోతుంది. అక్కడికి కొద్ది దూరంలోనే నేలపట్టు అనే పల్లె, ఆ పల్లె చెరువు ఉన్నాయి. ఏటా చలికాలంలో ఆ చెరువు వేలాది పక్షులకు పురిటిల్లు అవుతుంది.

ఈ చోటును 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. దీని విస్తీర్ణం దాదాపు 459 హెక్టార్లు, అంటే 1,130 ఎకరాలకు పైమాటే. అందులో కొంత చెరువు, మిగిలినది చిట్టడవి. ఇది చాలాకాలం నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో జిల్లాలను విభజించినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చింది. సూళ్ళూరుపేట నుండి సుమారు 20 కిలోమీటర్లు.

చెరువు కట్ట ఎక్కగానే మొదట మనలను పలకరించేది శబ్దం. సంతలో జనం మాట్లాడుకుంటున్నట్టు ఒకటే గోల. నీటి మధ్యలో నీటికడప చెట్లు గుంపులు గుంపులుగా నిలబడి ఉంటాయి. వాటి మొదళ్ళు నెలల తరబడి నీటిలో నానినా కుళ్ళిపోవు. ఆ కొమ్మల మీద దూరానికి తెల్లగా, బూడిదరంగుగా కనిపించేవన్నీ పక్షులే. కావలి గోపురం ఎక్కి చూస్తే ఒక్కొక్క చెట్టు మీద ఎన్ని కాపురాలు ఉన్నాయో తెలుస్తుంది. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు, శబరి కొంగలు ఒకే చెట్టును పంచుకుంటాయి. దిగువన నీటి మీద చలిదేశాల నుండి వచ్చిన బాతులు తేలియాడుతుంటాయి. ఇవి ఇక్కడ గూళ్ళు పెట్టవు. చలి తగ్గగానే తమ దేశాలకు మరలిపోతాయి.

ఇక్కడి గొప్ప అతిథి గూడబాతే. దీని పై ముక్కు అంచున వరుసగా మచ్చలు ఉంటాయి. ముక్కు కింద వేలాడే తోలు సంచి దీని వల. చేపలను నీటితో సహా ఆ సంచిలోకి తీసుకుని, నీటిని బయటికి వదిలి, చేపలను మింగుతుంది. గూడు కట్టే వేళ మగపక్షి పుల్లలు మోసుకొస్తే ఆడపక్షి వాటిని సర్దుతుంది. మూడు నాలుగు గుడ్లు పెడతాయి. సుమారు నెల రోజులు తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. పిల్లలు పుట్టిన తర్వాత పని మరీ పెరుగుతుంది. పులికాట్ సరస్సు వరకు ఎగిరి వెళ్ళి, చేపలు పట్టుకుని తిరిగి రావాలి. పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోకి దూర్చి ఆహారం తీసుకుంటుంది. ఈ దృశ్యం చూసిన పిల్లలు ఇంటికి వచ్చాక కూడా దాని గురించే మాట్లాడుకుంటారు.

బైబిలు చదివేవారికి గూడబాతు పేరు కొత్తది కాదు. 102వ కీర్తనలో దుఃఖంలో ఉన్న భక్తుడు తనను అడవిలోని గూడబాతుతో పోల్చుకున్నాడు. అక్కడ అది ఒంటరితనానికి గుర్తు. నేలపట్టులో మాత్రం గూడబాతు ఒంటరిగా ఉండదు. ఇరుగూ పొరుగూ లేకుండా గూడు పెట్టనే పెట్టదు. కీర్తనకారుని బాధ ఎంతటిదో ఈ గుంపును చూసిన తర్వాత మనకు మరింత బాగా అర్థమవుతుంది. గుంపులో బ్రతకవలసిన ప్రాణి ఒంటరి కావడమంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

ఈ పక్షుల బ్రతుకంతా నీటి మీదే ఆధారపడి ఉంది. అక్టోబరు నుండి ఈశాన్య రుతుపవనాలు వర్షాలు కురిపిస్తే చెరువు నిండుతుంది. చెరువు నిండితేనే పక్షులు గూళ్ళు పెడతాయి. ఎందుకంటే చెట్ల చుట్టూ ఉన్న నీరే వాటికి ప్రహరీ గోడ. నీరున్నంతకాలం నక్కలు, కుక్కలు చెట్ల దగ్గరకు రాలేవు. పిల్లలకు ఎగరడం రాకముందే నీరు ఇంకిపోతే, గూటి నుండి జారిపడిన పిల్ల బ్రతకదు. వానలు తప్పిన ఏడు పక్షుల రాక కూడా తగ్గిపోతుంది.

అయితే ఆ నీరు రైతుకూ కావాలి. పక్షులు పిల్లలను పెంచే నెలలూ, వరి పొలానికి తడి అందవలసిన నెలలూ ఒకటే. ఇక్కడ మనిషికీ పక్షికీ పోటీ ఉన్నట్టు కనిపిస్తుంది. కాని లెక్క చూస్తే పక్షి కూడా తన వంతు చెల్లిస్తూనే ఉంది. వేల పక్షుల రెట్ట చెరువు నీటిలో కలిసి ఎరువవుతుంది. ఆ నీరు పారిన పొలానికి బలం వస్తుంది. నత్తగుల్ల కొంగ పొలాల్లోని నత్తలను ఏరి తింటుంది. దాని రెండు ముక్కుల నడుమ ఉండే సందు ఆ పనికి ఎంతో అనువైనది.

ఈ సంగతిని మన పెద్దలు ఎప్పుడో గ్రహించారు. తమిళనాడులో చెంగల్పట్టు దగ్గర వేడంతాంగల్ అనే పల్లె ఉంది. 18వ శతాబ్దం చివర్లో కొందరు ఆంగ్లేయ సిపాయిలు ఆ చెరువులోని పక్షులను కాల్చారు. ఊరివారు కలెక్టరు దగ్గరకు వెళ్ళి మొరపెట్టుకుని, పక్షులను ఎవరూ వేటాడకూడదని కౌలు పత్రం రాయించుకున్నారు. ఆ పల్లెకు పక్షులు నేటికీ వస్తున్నాయి.

పక్షులను పోగొట్టుకున్న చోట్లు కూడా ఉన్నాయి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు కొల్లేరు ప్రాంతంలో ఆరేడు అనే గ్రామం దగ్గర గూడబాతుల పెద్ద స్థావరాన్ని కనుగొన్నారు. 1970లలో ఆ పక్షులు ఆ చోటును విడిచిపోయాయి. ఒకసారి మనసు విరిగి వెళ్ళిపోయిన పక్షిని పిలిచి తెచ్చుకోవడం మన చేతిలో లేదు.

నేలపట్టు చూడాలనుకునేవారు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వెళ్ళడం మంచిది. ఉదయం పెందలాడే గాని, ఎండ తగ్గిన తర్వాత గాని చేరుకోవాలి. బైనాక్యులర్ ఉంటే వెంట తీసుకువెళ్ళండి. రంగురంగుల బట్టలు, పాటల మోత, ప్లాస్టిక్ సంచులు మాత్రం వద్దు. పక్షి బెదిరి లేచిందంటే, ఆ కాస్తసేపట్లోనే కాకులు గూటిలోని గుడ్లను ఎత్తుకుపోతాయి. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకువెళ్ళాలి. సమయం ఉంటే సూళ్ళూరుపేట నుండి శ్రీహరికోట వెళ్ళే దారిలో పులికాట్ సరస్సును కూడా చూడవచ్చు. అక్కడ లోతు తక్కువైన ఉప్పునీటిలో ఫ్లెమింగోలు తల కిందులు చేసి మేత మేస్తుంటాయి.

అంత దూరం వెళ్ళలేనివారు తమ ఊరి చెరువును చూడవచ్చు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ పక్షులు ఊరి పక్కనే గూళ్ళు కడుతున్నాయి. మన ఊళ్ళలో ఇంకా వలలు పన్ని కొంగలను పట్టేవారు, మాంసానికి అమ్మేవారు ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పురుగుమందు డబ్బాలను చెరువులో కడిగితే చేపలు చస్తాయి. ఆ చేపలను తిన్న పక్షికీ కీడే. ఈ రెండూ మానుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. వచ్చే శీతకాలం మీ చెరువు గట్టున ఉన్న చింతచెట్టు మీద కొంగలు వాలితే, రాయి విసరబోయే పిల్లవాడిని ఆపి, వాటి పేర్లు చెప్పండి.