పీత అనే పడవ

జర్మన్ భాషలో 'క్రెబ్స్' అంటే పీత. చేపలు పట్టే ట్రాలర్‌కు తగిన పేరే! యుద్ధంలో నౌకాదళం దాన్ని తీసుకుని తుపాకీ బిగించింది. 1941 మార్చి 4న నార్వేలోని లోఫోటెన్ దీవుల దగ్గర ఆ చిన్న పడవ బ్రిటిష్ డిస్ట్రాయర్ 'సోమాలి' మీద కాల్పులు జరిపింది. దానికీ దీనికీ పోలికెక్కడ? ఎదురుకాల్పులతో పడవ పని అయిపోయింది. కెప్టెన్ రహస్య సందేశాల యంత్రం ఎనిగ్మాను సముద్రంలోకి విసిరేశాడు; మిగతావి నాశనం చేసేలోపే చనిపోయాడు. పడవెక్కిన బ్రిటిష్ నావికులకు ఆ యంత్రం విడి చక్రాలు, ఫిబ్రవరి నెల సంకేత పట్టికలు దొరికాయి. బ్లెచ్లీ పార్క్‌లో వాటితోనే ఆ నెల జర్మన్ నౌకాదళ సందేశాలు చదివారు. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఈ సంగతే. నా మనసు మాత్రం రెండు రోజులుగా వలలు లాగిన ఆ డెక్ దగ్గరే ఆగిపోయింది. ఆ ఉదయం అక్కడ పడి ఉన్నది పడవ మనుషులే.