పేరు పేరునా

దేవుడు లోకాన్నంతా చూసుకుంటాడంటే ఒప్పుకోవడం నాకెప్పుడూ కష్టం కాలేదు. వానలు పంపుతాడు, పంటలు పండిస్తాడు, సరే. ఒక్కొక్కరినీ విడివిడిగా, పేరు పేరునా పట్టించుకుంటాడంటేనే మనసు అక్కడ ఆగిపోతుంది. చౌటుప్పల్‌లో గిన్నెలు తోముకునే నా సంగతీ, చలికాలం వస్తే మొరాయించే నా ఎడమ మోకాలి సంగతీ ఆయనకెందుకు చెప్పండి?

మా అత్తమ్మకు ఈ అనుమానమే లేదు. ఆమె దేవుడు యాదగిరిగుట్ట నరసింహస్వామి. 2016లో కొత్త జిల్లాలు చేసినప్పుడు మా మండలం నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి మారింది. ఇక ఏ పనికి ఏ ఆఫీసుకు పోవాలో అని మావారు లెక్కలు వేస్తుంటే, అత్తమ్మ మాత్రం "స్వామే మనల్ని తన జిల్లాల కలుపుకున్నడు బిడ్డా" అన్నది. సర్కారు జీవో కూడా ఆమెకు స్వామి రాసిన చీటీయే!

ఆమె నడుము వంగి ఇరవై ఏళ్లు దాటింది. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషంతా తిరగాలి. ఎందుకో మా వైపు ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ నీళ్లు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా వైపు చాలా బోర్లలో ఆ హద్దు ఎప్పుడో దాటిపోయింది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు తయారుచేసిన ఆ పద్ధతి పేరే 'నల్గొండ టెక్నిక్'. జిల్లాకు పేరు రావడానికి ఇంకేం దొరకలేదా అనిపిస్తుంది నాకు.

గుట్ట స్వామికి వైద్య నరసింహుడని పేరు. అత్తమ్మ అక్కడ నలభై రోజులుండి ప్రదక్షిణలు చేసి వచ్చింది. నడుము నిలబడలేదు. ఎముకల్లో బిగుసుకుపోయాక వెనక్కి రాదని డాక్టరు ముందే చెప్పాడు. అప్పుడు స్వామి మీద కోపం వచ్చింది నాకే, ఆమెకు కాదు. ఒకే బోరు నీళ్లు తాగిన ఇద్దరిలో ఒకరి నడుము వంగి, ఇంకొకరిది వంగకపోతే, పేరు పేరునా చూసుకోవడమంటే ఇదేనా అని అడిగాను కూడా. ఆమె జవాబు చెప్పలేదు. చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

బీఏలో పోతన గారి గజేంద్ర మోక్షం చదివాం. విష్ణుమూర్తి ఒక్క ఏనుగు కోసం శంఖచక్రాలైనా అందుకోకుండా, భార్యకు మాటైనా చెప్పకుండా బయల్దేరతాడు. (ఇంట్లో చెప్పకుండా పోయే మగవాళ్ల సంగతి మనకు తెలిసిందే. పాపం, లక్ష్మీదేవి ఏమీ అర్థంకాక వెనకాలే పరుగెత్తింది.) క్లాసులో అందరం ఆ తొందరనే మెచ్చుకున్నాం. పెళ్లయ్యాక, ఈ నీళ్లు చూశాక నాకు ఇంకో సంగతి గుర్తుకొస్తుంటుంది. భాగవతం లెక్కలో ఆ ఏనుగు మొసలితో పెనుగులాడింది వెయ్యేళ్లు. అంత తొందరపడి వచ్చినవాడు అంతకాలం ఎక్కడున్నాడు? పిలవలేదు కాబట్టి రాలేదంటారు పెద్దలు. మా అత్తమ్మ పిలవని రోజు లేదు కదా!

2015 జూన్ 8న, ఇప్పుడు మిషన్ భగీరథ అని పిలిచే పథకానికి పైలాన్ ఆవిష్కరించింది మా చౌటుప్పల్‌లోనే. ఆ తర్వాత కొంతకాలానికి ఇంటి నల్లాలో కృష్ణా నీళ్లు వచ్చాయి. అత్తమ్మ చెంబుతో పట్టుకుని తాగి, "వచ్చిండు చూడు, పైపుల వచ్చిండు" అన్నది.

"నీకు ఆలస్యంగా వచ్చిండు కదా అత్తమ్మా" అన్నాను.

"నాకు ఆలస్యమే. పిల్లకు టయానికి వచ్చిండు."

పిల్ల అంటే నా చిన్న కూతురు. దాని పళ్లు తెల్లగా ఉన్నాయి. మావారి పళ్ల మీద గోధుమరంగు చారలు ఇప్పటికీ ఉన్నాయి.

నాకు ఆ జవాబు పూర్తిగా సరిపోలేదు. మనవరాలికి అందినంత మాత్రాన నానమ్మ నడుము లెక్క సరిపోతుందా? కానీ మనం వంటింట్లో చేసే పనీ గుర్తుకొచ్చింది. ఒకరికి కారం పడదు, ఒకరికి పెరుగు లేందే ముద్ద దిగదు, ఒకరికి షుగరు. పొయ్యి ఒకటే, కంచాలు వేరు. ఎవరికి ఏది పడదో మనకు ఎవరూ రాసివ్వరు, చూస్తూ చూస్తూ తెలుస్తుంది. కొన్నిసార్లు తెలిసినా పెట్టలేం, ఇంట్లో ఉండదు. దేవుడికీ అలాంటి రోజులుంటాయేమో! ఈ మాట అత్తమ్మతో అంటే "కళ్లు పోతయ్" అంటుంది, అందుకే ఇక్కడ మీతో చెబుతున్నాను.

పోయిన శనివారం మా వీధి ఆంజనేయస్వామి గుడికి తీసుకెళ్లాను. జనం బాగా ఉన్నారు. మెడ లేవదు కాబట్టి అత్తమ్మకు ఎప్పుడూ గడప వరకే దర్శనం. కొత్తగా వచ్చిన కుర్ర పూజారి హారతి పళ్లెం తిప్పుకుంటూ ఆమె దగ్గరికొచ్చి, ఆగి, మోకాళ్ల మీద కూర్చుని పళ్లెం ఆమె కళ్ల కిందికి పట్టాడు. ఆమె తీరిగ్గా రెండు చేతులూ చాపి కళ్లకద్దుకుంది. వెనక లైనులో ఎవరో "తొందరగా కానియ్యండమ్మా" అన్నారు. ఆమె కదల్లేదు. నేనూ కదపలేదు.