ఒక్క ‘వద్దు’ కోసం

‘‘ఆ ఫ్లాటా సార్... నిన్న సాయంత్రమే అయిపోయింది. దానికంటే మంచిది ఇంకోటుంది. రేపు పదకొండింటికి వస్తారా?’’

హైదరాబాద్‌లో ఇల్లు కొందామని బయల్దేరినవాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. ప్రకటనలో బొమ్మ ముచ్చటగా ఉంటుంది. ధర చూస్తే మనకోసమే పెట్టారేమో అనిపిస్తుంది. ఫోన్ చేస్తే మాత్రం అది ఎప్పుడూ నిన్ననే అమ్ముడైపోయి ఉంటుంది. నెల పోయాక చూసినా అదే బొమ్మ, అదే ధర, అదే నంబరు. అది అమ్మడానికి పెట్టిన ఫ్లాటు కాదు, మనచేత ఫోన్ చేయించడానికి పెట్టిన ఫ్లాటు!

ఖమ్మం జిల్లాలో తెలుగు మాస్టారుగా పనిచేసి 2020లో రిటైరైన ఒకాయనకు ఈ కిటుకు అర్థమయ్యేసరికి పదకొండు ఇళ్లు చూడటం అయిపోయింది. కూతురూ అల్లుడూ ఇద్దరూ ఉద్యోగస్తులు. మనవరాలిని బడి నుంచి తీసుకురావడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే బాగుంటుందని కూతురు పోరింది. సరే, కూకట్‌పల్లి చుట్టుపక్కల రెండు పడగ్గదుల ఫ్లాటు కొందామనుకున్నారు భార్యాభర్తలు. మాస్టారి రిటైర్మెంటు డబ్బు కొంత ఉంది. చాలనిదానికి ఆవిడ పుట్టింటివాళ్లు పసుపు కుంకుమల కింద ఇచ్చిన అరెకరం అమ్మారు. ఇరవై గుంటలకు పదహారు లక్షలు వచ్చాయి. ఆ డబ్బు బ్యాంకులో వేసిన రోజు ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు. ‘‘పొలం పోయినా ఇల్లు వస్తుందిగా’’ అని తనకు తానే చెప్పుకుంది.

2023 ఆగస్టులో మొదలైంది వేట.

పదకొండింటికే ఎందుకు?

బ్రోకర్లు చాలామంది ఇల్లు చూపించే వేళను వాళ్లే నిర్ణయిస్తారు. ఎందుకో మాస్టారికి తట్టలేదు. ఆవిడ కనిపెట్టింది. పడమటి గోడ ఉన్న పడగ్గదిని పొద్దున చూపిస్తే చల్లగా ఉంటుంది. అదే గోడ మీద సాయంత్రం ఐదింటికి చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. పదకొండింటికి పిల్లలు బళ్లలో, పెద్దలు ఆఫీసుల్లో ఉంటారు కాబట్టి కింద పార్కింగు ఖాళీగా, విశాలంగా కనబడుతుంది. మోటారు అప్పుడే వేసి ఉంటారు కాబట్టి కుళాయి తిప్పితే నీళ్లు ధారగా వస్తాయి.

‘మెయిన్ రోడ్డుకి ఐదు నిమిషాలు’ అన్నది ఇంకో లెక్క. ఆదివారం తెల్లవారుజామున, బైకు మీద, సిగ్నల్ పడకపోతే ఐదు నిమిషాలు. ‘తూర్పు ఫేసింగ్’ అంటారు. తీరా చూస్తే తూర్పున ఉన్నది అపార్ట్‌మెంటు గేటు, ఫ్లాటు గుమ్మం మాత్రం దక్షిణానికి ఉంటుంది. అబద్ధం చెప్పావేమయ్యా అంటే ‘‘నేను బిల్డింగ్ సంగతి చెప్పాను సార్’’ అంటాడు. నిజమే, ఆయన అబద్ధం చెప్పలేదు. అడగనిది చెప్పలేదు, అంతే.

అయిదో ఇల్లు ఇద్దరికీ నచ్చింది. వెలుతురు బాగుంది, వంటింట్లో గట్టు పొడవుగా ఉంది. బ్రోకరు ఫోన్ మాట్లాడుతూ పక్కకు వెళ్లగానే ఆవిడ కిందికి దిగి వాచ్‌మన్ భార్యను పలకరించింది. మీదే ఊరు, పిల్లలెంతమంది అని నాలుగు మాటలయ్యాక ఆ మనిషి గొంతు తగ్గించి, ‘‘ఎండాకాలం వస్తే బోరుల నీళ్లుండయమ్మా. దినాం ట్యాంకరే. నేను చెప్పిన అనకుండ్రి’’ అంది. ఆ ఒక్క మాట విలువ ఎన్ని వేలో తర్వాత తెలిసింది. ఆ భవనంలో వేసవి వస్తే ప్రతి ఇంటికీ ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్సుకు అదనం. అప్పటినుంచీ ఏ ఇంటికి వెళ్లినా ఆవిడ ముందు పలకరించేది వాచ్‌మన్ ఇంటివాళ్లనే.

గజం బద్ద లేదు, టేపు ఉంది

తొమ్మిదో ఫ్లాటు 1,250 చదరపు అడుగులన్నారు. ధర 56 లక్షలు. ఆవిడ సంచిలోంచి కుట్టుమిషను దగ్గరి టేపు తీసింది. బ్రోకరు నవ్వాడు. ‘‘మేడమ్, ఇవన్నీ ఎవరూ కొలవరు’’ అన్నాడు. మాస్టారు ఒక కొస పట్టుకున్నారు. హాలు, రెండు గదులు, వంటిల్లు, బాత్‌రూములు అన్నీ కలిపితే 870 తేలింది. మిగిలిన 380 ఎక్కడ? మెట్లు, లిఫ్టు, వరండా, బయటి గోడలు, బాల్కనీ! వాటికి కూడా ఖర్చవుతుంది కాబట్టి లెక్కలో కలపడం మోసమని అనలేం. కానీ అడుగు 4,480 రూపాయల చొప్పున ఆ 380 అడుగుల విలువ పదిహేడు లక్షలు దాటుతుంది. అంత డబ్బు సంగతి కొనేవాళ్లు టేపు తీస్తేగానీ బయటికి రాలేదు.

అయినా ఇల్లు బాగుంది. మనవరాలి బడికి నడిచి వెళ్లొచ్చు. ‘‘ఓనరు అమెరికాలో ఉంటాడు, ఎవరితోనూ మాట్లాడడు. అంతా నేనే చూసుకుంటా. టైటిల్ క్లియర్, ఒక్క రూపాయి అప్పు లేదు’’ అన్నాడు బ్రోకరు. ఆ సాయంత్రం ఫోన్ చేశాడు. ‘‘సార్, ఇంకో పార్టీ చెక్కు పట్టుకుని కూర్చుంది. మీరు పెద్దవాళ్లని ఆపాను. లక్ష బయానా ఇచ్చేస్తే ఇల్లు మీదే.’’

ముప్పై ఏళ్లు పిల్లలకు ‘ప్రశ్న పూర్తిగా చదివాకే జవాబు రాయండర్రా’ అని చెప్పిన మాస్టారు, ఆ రాత్రి లక్ష రూపాయలు ఇచ్చి తెల్లకాగితం మీద సంతకం చేయించుకున్నారు.

కాగితాలు అడిగితే రేపు, మాపు అన్నాడు. ఇచ్చిన జిరాక్సుల్లో చివరి పేజీలు లేవు. కూతురు ఆన్‌లైన్లో ఈసీ తీసింది. అప్పు లేదన్న ఫ్లాటు బ్యాంకులో తాకట్టులో ఉంది. తాకట్టు ఉన్నంత మాత్రాన కొనకూడదని కాదు. బాకీ తీర్పించి, బ్యాంకు నుంచి కాగితాలు విడిపించుకుని రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కానీ లేదని ఎందుకు చెప్పినట్టు? ఆవిడ అపార్ట్‌మెంటు సంఘం పెద్దమనిషిని అడిగి యజమాని నంబరు సంపాదించింది. ఆయన ఉండేది అమెరికాలో కాదు, వరంగల్‌లో! ‘‘నేను చెప్పింది 51 లక్షలమ్మా. బయానానా? నాకెవరూ ఇవ్వలేదే’’ అన్నాడాయన.

అటు అమ్మేవాళ్ల దగ్గరా ఇటు కొనేవాళ్ల దగ్గరా ఒక శాతమో రెండు శాతమో కమిషన్ తీసుకోవడం ఈ వృత్తిలో మామూలే. దానిమీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా మధ్యలో దాచిన ఆ అయిదు లక్షలతోనే. అమ్మేవాళ్లనూ కొనేవాళ్లనూ ఎదురుపడనివ్వకుండా చూసేది అందుకే.

బేరం వదులుకున్నారు. బయానా తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. అదీ అరవై వేలే. ‘‘మిగతాది ఖర్చులకు పోయింది సార్’’ అన్నాడు. ఏ ఖర్చులకో చెప్పలేదు. మాస్టారు భార్యకు క్షమాపణ చెప్పబోతే ఆవిడ చెప్పనివ్వలేదు. చాలాసేపటికి మాత్రం మెల్లగా అంది... ‘‘అరగుంట పోయింది.’’

మాస్టారు ఆ తర్వాత రెండు నెలలు ఇళ్లు చూడటానికి వెళ్లలేదు. డబ్బు పోయిన బాధ కంటే పెద్దది ఇంకోటుంది. ఎవరు ఏం చెప్పినా నమ్మలేకపోవడం. కూతురు మంచి ఇల్లుందని చెప్పినా ‘‘వాడెవడు, నీకెలా తెలుసు’’ అని విసుక్కునేవారు. ఇల్లు రాకముందే ఇంట్లో మాట కరుకైంది.

ఈలోగా ఉండటానికి అద్దెఇల్లు వెతికితే అక్కడ మరో తంతు. నెల అద్దె కమిషన్ సరే. దానికంటే ముందు ‘‘మీరు ఏమిటోళ్లండీ?’’ అన్న ప్రశ్న. జీతమెంత, ఎంతమంది ఉంటారు అన్నవి తర్వాత. తరగతి గదిలో ఎవరి కులమూ అడగకుండా పాఠం చెప్పినాయనకు అరవై దాటాక ఆ ప్రశ్న ఎదురైంది. అడగమన్నది ఇంటివాళ్లే కావచ్చు. కానీ వినాల్సింది బ్రోకరు నోటినుంచే.

చట్టం ఉంది... ఎంతవరకు?

2016లో పార్లమెంటు రెరా చట్టం చేసింది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ రెరా సంస్థలున్నాయి. రెరాలో నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు, ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేయించుకోవాలి. అమ్మిపెట్టే ప్రతిచోటా ఆ నంబరు చెప్పాలి. లేని సౌకర్యాలు ఉన్నట్టు చెప్పకూడదు. కొనేవాళ్లకు హక్కుగా రావాల్సిన కాగితాలు, వివరాలు అందేలా చూడాలి. నమోదు కాని ప్రాజెక్టును ‘ప్రీ లాంచ్’ అని పేరు పెట్టి అమ్మడం తప్పు. అమ్మకం ఒప్పందం రిజిస్టర్ చేయకుండా బిల్డరు పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ధర చెప్పాల్సింది కార్పెట్ ఏరియా లెక్కనే. అంటే గోడల లోపల మనం వాడుకునే చోటు. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు.

కానీ స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు నమోదు అక్కర్లేదు. ఎప్పుడో కట్టిన ఫ్లాటును ఒకరి నుంచి ఇంకొకరు కొనుక్కునేచోట కూడా ఈ రక్షణ పెద్దగా అందదు. మాస్టారి లాంటి వాళ్లు ఎక్కువగా కొనేది ఆ పాత ఫ్లాట్లే. అక్కడ మన జాగ్రత్తే మనకు దిక్కు. ఈసీ మనమే తీసుకోవాలి. లింకు డాక్యుమెంట్లు వరుసగా ఉన్నాయో లేదో లాయరుకు చూపించాలి. జీపీఏ కాగితం చూపించి ఇదే అమ్మకం పత్రం అంటే నమ్మకూడదు. దానివల్ల యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. అన్నిటికంటే ముందు యజమానితో నేరుగా మాట్లాడకుండా ఒక్క రూపాయి ఇవ్వకూడదు.

జిరాక్స్ షాపు పక్క గది

2024 వేసవి తర్వాత ఎవరో చెబితే మాస్టారు దంపతులు జిరాక్స్ షాపు పక్కన చిన్న గదిలో కూర్చునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లారు. ఇరవై ఏళ్లుగా అదే గది. ఎన్ని మాయమాటలు వింటామో అనుకుంటూనే మెట్లెక్కారు.

అప్పటికి వాళ్ల దృష్టి ఒక ‘లేక్ వ్యూ’ ఫ్లాటు మీద ఉంది. బాల్కనీలో నిలబడితే చెరువు, గాలి, కొంగలు. ధర కూడా తక్కువే. ఆ జులైలోనే హైడ్రా ఏర్పడింది. చెరువుల ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే మేరలో కట్టినవాటిని కూల్చడం మొదలైంది. మాస్టారు ఆ ఫ్లాటు సంగతి చెప్పగానే పెద్దాయన హెచ్‌ఎండీఏ వాళ్ల చెరువుల పటం కంప్యూటర్లో తెరిపించి, హద్దు ఎక్కడుందో వేలితో చూపించాడు. ‘‘బేరం నన్నే కుదర్చమంటే నాకు కమిషన్ వస్తుంది మాస్టారూ. మీకు నిద్ర రాదు. వద్దండి’’ అన్నాడు.

ఏడాదిగా తిరుగుతున్నా ఒక బ్రోకరు నోటినుంచి ‘వద్దు’ అన్న మాట వాళ్లు వినడం అదే మొదటిసారి. అంతకుముందు చూసిన ప్రతి ఇల్లూ ‘మీకోసమే కట్టినట్టుంది’, ప్రతి ధరా ‘ఫైనల్’, ప్రతి రోజూ ‘ఈ రోజే చివరి రోజు’.

అక్కడ ఆయన పోగొట్టుకున్నది అరలక్షకు పైనే. అయినా వద్దన్నాడు. ఆ తర్వాత ఇంకో రెండు ఇళ్లు కూడా వద్దన్నాడు. ఒకదానికి అన్నదమ్ముల కేసు ఉందని, ఇంకోదానికి పైన ఒక అంతస్తు అనుమతి లేకుండా కట్టారని. 2025 మొదట్లో ఆయన చూపించిన నాలుగో ఇల్లు కొన్నారు. బేరానికి ముందే యజమానురాలిని ఇంటికి పిలిపించి, ఎదురెదురుగా కూర్చోబెట్టి, తను టీ చెప్పడానికి బయటికి వెళ్లాడు. పడమటి గది ఎండాకాలం కాలుతుందని కూడా ఆయనే ముందు చెప్పాడు. చెప్పినట్టే కాలుతోంది. కిటికీకి వట్టివేళ్ల తడికె కట్టుకున్నారు. ఒక శాతం కమిషన్‌ను ఆవిడ తన చేత్తో ఇచ్చింది. బేరమాడలేదు.

చాలామంది బ్రోకర్లు పుట్టు మోసగాళ్లేమీ కాదు. అమ్మితేనే వాళ్లింట్లో పొయ్యి వెలుగుతుంది. నెల జీతం లేదు, చూపించిన ఇరవై ఇళ్లలో ఒకటి కుదిరితే కుదిరినట్టు. అందుకే తొందరపెడతారు, అందుకే దాస్తారు. ఆ సంగతి కొనేవాళ్లు మరిచిపోకుండా ఉంటే చాలు. ఇల్లు చూపించినందుకు డబ్బివ్వడం న్యాయమే. మన తరఫున ఆలోచించే పనిని కూడా ఆయనకే అప్పగించేస్తేనే చిక్కు.

ఇప్పుడు బంధువుల్లో ఎవరు ఇల్లు కొంటున్నా మాస్టారికి ఫోన్ చేస్తారు. ఆయన ఈసీ గురించి, లింకు డాక్యుమెంట్ల గురించి అరగంట పాఠం చెబుతారు. పాఠం అయ్యాక ఫోన్ ఆవిడ చేతికి వెళుతుంది. ఆవిడ అడిగేది ఒకే ప్రశ్న. ‘‘ఆ బ్రోకరు ఇప్పటిదాకా మిమ్మల్ని ఏ ఇల్లయినా వద్దన్నాడా?’’

అవతలివాళ్లు కాసేపు ఆలోచించి లేదంటే, ‘‘అయితే ఇంకొన్నాళ్లు తిరగండమ్మా. చెప్పులు అరిగితే కొనుక్కోవచ్చు’’ అంటుంది.